రోగిగా మారి పథ్యాన్ని నేర్చుకున్న వైద్యుడు జార్జ్ చేన్

18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో అజీర్ణంతోనో, కడుపుబ్బరంతోనో, తరచూ వచ్చే తలతిప్పుతోనో వైద్యుడిని ఆశ్రయించిన సంపన్న రోగికి ముందుగా ఎదురయ్యేవి మూడు చికిత్సలు. వాంతి చేయించే మందు, విరేచనం చేయించే మందు, నరం కోసి కొంత రక్తం తీయడం. ఆహార నియమం గ్రీకుల కాలం నుంచీ ఐరోపా వైద్యంలో భాగమే అయినప్పటికీ, విందులకు అలవాటుపడిన నగర జీవితంలో దానిని చెప్పేవారు తక్కువ, వినేవారు మరీ తక్కువ. అటువంటి కాలంలో పళ్లెంలోని పదార్థాన్ని, దాని పరిమాణాన్ని ప్రధాన చికిత్సగా నిలబెట్టిన వైద్యుడు జార్జ్ చేన్. ఆ సిద్ధాంతానికి ఆయనను చేర్చినవి గ్రంథాలు మాత్రమే కావు. రెండుసార్లు మరణం అంచుల దాకా తీసుకువెళ్లిన సొంత శరీరమే ఆయనకు ప్రధాన గురువైంది.

స్కాట్లండ్ నుంచి లండన్‌కు

చేన్ 1670ల ఆరంభంలో స్కాట్లండ్‌లోని అబర్డీన్ ప్రాంతంలో జన్మించారు. కుటుంబం మొదట ఆయనను మతాచార్యుడిగా చూడాలనుకుంది. చదువు ఆయనను వేరే దారికి మళ్లించింది. కొంతకాలం ఒక ప్రభు కుటుంబంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన తరువాత ఎడిన్‌బరోలో ఆర్చిబాల్డ్ పిట్‌కేర్న్ అనే ప్రసిద్ధ వైద్యుడి శిష్యుడయ్యారు. న్యూటన్ గణిత సూత్రాలు గ్రహగతులను వివరించినట్లే మానవ దేహాన్నీ వివరించగలవని పిట్‌కేర్న్ విశ్వసించేవారు. గురువు దృష్టిలో శరీరం సన్నని గొట్టాల సముదాయం. వాటిలో ద్రవాలు సాఫీగా ప్రవహిస్తే ఆరోగ్యం, చిక్కబడి నిలిచిపోతే రోగం. శిష్యుడు ఈ భావనను జీవితాంతం విడవలేదు.

1701లో జ్వరాలపై ఒక గ్రంథం ప్రచురించి, వైద్య పట్టా పొంది, చేన్ లండన్ చేరుకున్నారు. మరుసటి ఏడాదే ప్రతిష్ఠాత్మకమైన రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. 1703లో గణితశాస్త్రంపై రాసిన పుస్తకం మాత్రం ఎదురుదెబ్బ తీసింది. గణితవేత్త అబ్రహాం ద మ్వావర్ అందులోని దోషాలను ఎత్తిచూపుతూ మరుసటి ఏడాది ఏకంగా ఒక గ్రంథమే వెలువరించారు. గణితంలో పేరు తెచ్చుకోవాలన్న ఆశ అక్కడితో సన్నగిల్లింది. వైద్య వృత్తిలోనే స్థిరపడవలసి వచ్చింది.

విందుల మధ్య చిక్కిన వైద్యుడు

ఆనాటి లండన్‌లో కొత్తగా వచ్చిన వైద్యుడికి రోగులు దొరికేది పానశాలల్లో, కాఫీ గృహాల్లో ఏర్పడే పరిచయాల ద్వారానే. చేన్ స్వభావరీత్యా మాటకారి, హాస్యప్రియుడు. యువ ప్రభువులు, ధనికులైన యువకులు ఆయన సాంగత్యాన్ని ఇష్టపడ్డారు. వారితో కలిసి తినడం, తాగడం వృత్తి ధర్మంలో భాగమైపోయింది. స్కాట్లండ్‌లో మితంగా, ఎక్కువగా కూర్చుని చదువుకుంటూ గడిపిన యువకుడి దేహం ఈ హఠాత్ మార్పును తట్టుకోలేకపోయింది. కొద్ది సంవత్సరాల్లోనే విపరీతంగా బరువు పెరిగారు. నడిస్తే ఆయాసం, కూర్చుంటే మగత ఆవరించాయి.

1705 ప్రాంతంలో విషమ జ్వరం వచ్చి తగ్గిన తరువాత ఒకనాడు ఉన్నట్టుండి కళ్లు తిరిగి కుప్పకూలినంత పనైంది. ఆపై నిరంతర తలనొప్పి, భయం, దిగులు వెంటాడాయి. పానశాలల్లో భుజం తట్టిన మిత్రులు ఒక్కొక్కరుగా ముఖం చాటేశారు. విందుల స్నేహం విందులతోనే ముగుస్తుందన్న సత్యం ఆయనను రోగంకన్నా ఎక్కువగా బాధించింది. పల్లెకు వెళ్లి ఏకాంతంలో గడిపారు. నాటి వైద్యం ప్రకారం పాదరస ఔషధాలతో సహా తీవ్రమైన రేచకాలు వాడారు. మాంసాహారం తగ్గించారు. బాత్ నగరంలోని వేడి నీటి బుగ్గల జలాన్నీ సేవించారు. దేహం బాగా చిక్కింది, కానీ ఆరోగ్యం పూర్తిగా కుదుటపడలేదు.

క్రాయిడన్‌లో కనిపించిన పాలపాత్ర

ఆ దశలో ఒక మతాచార్యుడి ద్వారా చేన్‌కు ఒక విషయం తెలిసింది. లండన్‌కు దక్షిణాన ఉన్న క్రాయిడన్‌లో టేలర్ అనే వైద్యుడు కేవలం పాలు ఆహారంగా తీసుకుంటూ తన మూర్ఛరోగాన్ని నయం చేసుకున్నాడని ఆయన చెప్పాడు. నడి చలికాలమని కూడా చూడక చేన్ క్రాయిడన్‌కు ప్రయాణమయ్యారు. వెళ్లేసరికి టేలర్ భోజనం చేస్తూ కనిపించాడు. ఆయన ముందున్నది ఆవుపాలు మాత్రమే.

లండన్‌కు తిరిగి వచ్చిన చేన్ పాలు, ధాన్యాలు, రొట్టె, దుంపలు, పండ్లతో కూడిన పథ్యం ఆరంభించారు. ఐదారు నెలల్లో ఆయాసం తగ్గి, మనసు తేలికపడి, తిరిగి వృత్తి చేయగలిగే స్థితికి వచ్చారు. ఖరీదైన మందులు చేయలేని పనిని పశువుల పాక నుంచి వచ్చిన పాలు చేయడం ఆయన ఆలోచననే మార్చివేసింది.

అయితే ఈ కథ ఇక్కడ సుఖాంతం కాలేదు. ఆరోగ్యం తిరిగి వచ్చాక మనిషి మొదట మరిచేది పథ్యాన్నే. చేన్ కూడా దానికి అతీతులు కారు. కొద్దికొద్దిగా మాంసం, కొద్దికొద్దిగా మద్యం మళ్లీ భోజనంలోకి వచ్చి చేరాయి. సడలింపు ఒక్కరోజులో జరగలేదు. సంవత్సరాల తరబడి సాగింది కనుకనే ప్రమాదం కంటికి కనిపించలేదు.

బాత్ నగరంలో రెండవ పతనం

1718 ప్రాంతానికి చేన్ తన వైద్య వృత్తిని ఇంగ్లండ్ నైరుతి భాగంలోని బాత్ నగరానికి మార్చారు. రోమన్ల కాలం నుంచీ ప్రసిద్ధమైన అక్కడి వేడి నీటి బుగ్గలు ఆనాటికి ఉన్నత వర్గాలకు ఆరోగ్య క్షేత్రంగానూ, వినోద క్షేత్రంగానూ మారాయి. అజీర్ణం, గౌట్, పక్షవాతం, దిగులు వంటి బాధలతో వచ్చినవారు ఉదయం బుగ్గనీరు తాగి, సాయంత్రం విందుల్లో పాల్గొనేవారు. రోగాన్ని తగ్గించుకునే చోటే దానిని తిరిగి సంపాదించుకునే ఏర్పాటు కూడా ఉండేది. 1720లో చేన్ గౌట్‌పై, బాత్ జలాల గుణాలపై ప్రచురించిన చిన్న గ్రంథం ఆయనకు మంచి పేరు తెచ్చింది.

పేరుతోపాటు బరువూ పెరిగింది. ఒక దశలో ఆయన 32 స్టోన్‌లు దాటారు. అంటే 200 కిలోల పైమాటే. కొద్ది అడుగులు వేసినా ఆగి కూర్చోవలసి వచ్చేది. కాలిపై పుండ్లు పడ్డాయి. మెట్లెక్కడం దుర్భరమైంది. వందలమందికి మితాహారం బోధించవలసిన వైద్యుడు తానే వీధిలో నడవలేని స్థితికి చేరుకున్నారు. ఆయన ఆకారాన్ని ఎత్తిచూపే వ్యంగ్యాలకు బాత్‌లో లోటుండేది కాదు.

వైద్యుడిగా కూడా ఆ సంవత్సరాల్లో ఆయన ఒక తీరని వైఫల్యం చవిచూశారు. 1721లో ప్రధానమంత్రి స్థాయికి ఎదిగిన రాబర్ట్ వాల్పోల్ కుమార్తె కేథరిన్ ఆకలి నశించి, మూర్ఛలతో కృశించిపోతూ చేన్ పర్యవేక్షణలో బాత్‌లో గడిపింది. ప్రఖ్యాత వైద్యుడు హాన్స్ స్లోన్‌తో ఉత్తరాల ద్వారా సంప్రదిస్తూ చేన్ ఎన్నో ప్రయత్నాలు చేశారు. ఏవీ ఫలించలేదు. 1722లో ఆ యువతి మరణించింది. అతిగా తినేవారికి పనికివచ్చే పథ్యం తినలేనివారిని కాపాడలేదన్నది ఆ ఘటన చూపిన కఠిన వాస్తవం.

తన స్థితి విషమించడంతో చేన్ 1720ల మధ్యలో లండన్ వెళ్లి తోటి వైద్యులను సంప్రదించారు. చివరకు చేరింది మళ్లీ పాత చోటుకే. పాలు, ధాన్యం, కూరగాయలు, పండ్లు. ఈసారి మద్యాన్ని, మాంసాన్ని పూర్తిగా విడిచిపెట్టారు. బరువు క్రమంగా దిగింది. ఆ నియమాన్ని తుదిదాకా నిలుపుకున్నారు.

తూకం వేసిన సలహా

ఆయనకు దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చిన గ్రంథం 1724లో వెలువడింది. ఆరోగ్యం, దీర్ఘాయువులపై రాసిన ఆ వ్యాసం కొద్దికాలంలోనే పలు ముద్రణలు పొందింది. 1726లో లాటిన్ అనువాదం రావడంతో ఐరోపా వైద్యులకూ చేరింది. పండితుల కోసం లాటిన్‌లో రాసే సంప్రదాయాన్ని వదిలి, కూర్చుని పనిచేసేవారికి, చదువరులకు, తరచూ జబ్బుపడేవారికి అర్థమయ్యే ఇంగ్లిష్‌లో ముందుగా రాయడం దాని బలం. గాలి, ఆహార పానీయాలు, నిద్ర, వ్యాయామం, విసర్జనలు, మనోవికారాలు అనే ప్రాచీన విభజననే ఆయన అనుసరించారు. కానీ ప్రతి అధ్యాయంలోనూ సలహాను ఆచరణకు వీలైన కొలతలోకి దించారు.

కాయకష్టం పెద్దగా చేయని ఆరోగ్యవంతుడికి రోజుకు 8 ఔన్సుల మాంసం, 12 ఔన్సుల రొట్టె లేదా శాకాహారం, ఒక పైంటు వరకు ద్రాక్షసారా చాలునని ఆయన నిర్దేశించారు. నేటి కొలతల్లో చెప్పాలంటే సుమారు 225 గ్రాముల మాంసం, 340 గ్రాముల రొట్టె, అర లీటరుకు కాస్త తక్కువ మద్యం. నేటి పాఠకుడికి ఇది మితంగా తోచకపోవచ్చు. ఆనాటి సంపన్నుల భోజనబల్లపై మాత్రం ఇది ఉపవాసంతో సమానం. రోగిష్ఠులు, చదువరులు దీనిని ఇంకా తగ్గించుకోవాలని ఆయన హెచ్చరించారు. మనిషికి సహజమైన పానీయం నీరేనన్నది ఆయన దృఢాభిప్రాయం.

ఏది సులువుగా అరుగుతుందన్న విషయంలోనూ కొన్ని సూత్రాలు చెప్పారు. పెద్ద జంతువుల మాంసం కన్నా చిన్నవాటిది, ఎర్రని మాంసం కన్నా తెల్లనిది తేలికగా జీర్ణమవుతాయి. త్వరగా పక్వానికి వచ్చే మొక్కలు ఆలస్యంగా పండేవాటికన్నా కడుపుకు మేలు చేస్తాయి. బలహీనమైన జీర్ణశక్తి గలవారు రాత్రి భోజనాన్ని బాగా తగ్గించి పెందలాడే పడుకోవాలి. రాత్రి ఎనిమిది నుంచి పది గంటల మధ్య నిద్రకు ఉపక్రమించి, తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు గంటల మధ్య లేవడం శ్రేయస్కరం. నడక అత్యంత సహజమైన వ్యాయామం. ఉదరంలోని అవయవాలను కదిలించే గుర్రపు స్వారీ అజీర్ణ రోగులకు మరింత ఉపకరిస్తుంది. కడుపు శుద్ధికి మందు తప్పనిసరైతే ఆసియా నుంచి దిగుమతయ్యే రేవలచిన్ని వేరు వంటి మృదువైన రేచకాన్ని ఎంచుకోవాలి.

ఈ సలహాలు అందరికీ రుచించలేదు. ఎడ్వర్డ్ స్ట్రోథర్ అనే వైద్యుడు 1725లో ప్రచురించిన గ్రంథంలో చేన్ అభిప్రాయాలను పేరుపెట్టి ఖండించారు. మాంసం, మద్యం దేహబలానికి మూలమని నమ్మే సమాజంలో పాలు, గింజలు తినమనడం పరిహాసానికి గురైంది. అంతటి స్థూలకాయుడు మితం బోధించడమేమిటన్న ఎత్తిపొడుపు కూడా ఆయనను వదలలేదు.

దాచుకోని రోగ చరిత్ర

ఆ ఎత్తిపొడుపుకు చేన్ ఇచ్చిన సమాధానం అసాధారణమైనది. 1733లో వెలువడిన గ్రంథంలో ఆయన నాడీ సంబంధ రుగ్మతలను ఇంగ్లిష్ వ్యాధిగా అభివర్ణించారు. దేశంలోని ఉన్నత వర్గాల అనారోగ్యాల్లో దాదాపు మూడో వంతు ఇటువంటివేనని అంచనా వేశారు. విదేశీ వాణిజ్యం తెచ్చిన సంపద, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే మసాలాలు, ఆకలి లేకున్నా తినిపించే వంటల నేర్పు, కదలిక లేని నగర జీవితం ఇందుకు కారణాలని విశ్లేషించారు. దిగులు, భయం, నిద్రలేమి వంటి మానసిక బాధలకు కడుపుతో దగ్గరి సంబంధం ఉందని వాదించారు. అటువంటి బాధితులను కపటులుగా, పిచ్చివారిగా చూసే కాలంలో వారి వ్యథ నిజమైన రోగమేనని ఒక వైద్యుడు నిర్ధారించడం ఎందరికో ఊరటనిచ్చింది.

ఆ గ్రంథం చివర్లో ఆయన తన సొంత రోగ చరిత్రను సవివరంగా చేర్చారు. పానశాలల స్నేహాలు, బరువు, భయాలు, కోలుకోవడం, తిరిగి దిగజారడం, మళ్లీ లేవడం అన్నీ అందులో ఉన్నాయి. రోగుల ముందు వైద్యుడు తన బలహీనతలను బయటపెడితే వృత్తి దెబ్బతింటుందని భావించే రోజులవి. చేన్ విషయంలో అందుకు విరుద్ధంగా జరిగింది. తామూ పథ్యం తప్పినవారమేనని సిగ్గుపడే రోగులు, తప్పి తిరిగి నిలదొక్కుకున్న వైద్యుడిని మరింతగా నమ్మారు. సాహితీవేత్త శామ్యూల్ జాన్సన్ తరువాతి కాలంలో తన మిత్రుడు బాస్వెల్‌కు ఆ గ్రంథం చదవమని సిఫారసు చేశారు.

ఉత్తరాల్లో వైద్యం

చేన్ రోగుల్లో నవలాకారుడు శామ్యూల్ రిచర్డ్‌సన్ ప్రముఖులు. ముద్రాపకుడిగా జీవితం ప్రారంభించిన రిచర్డ్‌సన్ చేన్ గ్రంథాల్లో కొన్నింటిని ముద్రించారు కూడా. గంటల తరబడి బల్ల ముందు కూర్చునే వృత్తి వల్ల ఆయనకు స్థూలకాయం, తలతిప్పు, దిగులు పట్టుకున్నాయి. చేన్ ఆయనకు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూ పథ్యం చెప్పారు, మందలించారు, ధైర్యమిచ్చారు. గుర్రపు స్వారీకి తీరిక లేని ఆయనకు ఇంట్లోనే కూర్చుని పైకీ కిందికీ ఊగగలిగే స్ప్రింగుల ఆసనం కొనుక్కోమని సూచించారు. స్వారీ కుదుపులను గదిలోకి తెచ్చిన ఆ సాధనాన్ని గది గుర్రమని పిలిచేవారు. మతోద్ధరణ ఉద్యమంలో పేరొందిన హంటింగ్డన్ కౌంటెస్ సెలీనా కూడా ఆయన వద్ద చికిత్స పొందారు.

ఆ ఉత్తరాల్లో కనిపించే వైద్యం అంతా నేడు ఆమోదయోగ్యం కాదు. తరచూ వాంతులు చేయించుకోమని ఆయన ఇచ్చిన సలహా, పాదరస ఔషధాలపై ఉంచిన నమ్మకం ఆ కాలపు పరిమితులు. అవి హాని చేసేవని తరువాతి వైద్యం తేల్చింది. ఆయన శాస్త్రీయ వివరణ కూడా నిలవలేదు. ఆహారంలోని లవణ కణాలు ఒకదానినొకటి ఆకర్షించి రక్తాన్ని చిక్కబరుస్తాయన్న ఊహపైనే ఆయన సిద్ధాంతమంతా ఆధారపడింది. కడుపులోని రసమే ఆహారాన్ని కరిగిస్తుందని ఇటలీ శాస్త్రవేత్త లజారో స్పలంజానీ ప్రయోగాలతో నిరూపించింది 1780 ప్రాంతంలో. ఆ రసంలోని ఆమ్లాన్ని విలియం ప్రౌట్ గుర్తించింది 1824లో. వివరణ తప్పినా, కాలం పరీక్షకు నిలిచినవి ఆయన ఆచరణ సూత్రాలు. తక్కువ తినడం, నీరు తాగడం, నడవడం, పెందలాడే నిద్రించడం, కూరగాయలకు పళ్లెంలో పెద్దపీట వేయడం.

చివరి దశకం

జీవిత చరమాంకంలో చేన్ ఆహారం పాలు, రొట్టె, వెన్న, మృదువైన జున్ను, పచ్చి ఆకుకూరలు, పండ్లు, గింజలు, లేత దుంపలు. టీ, కాఫీలను విడిచిపెట్టలేదు. ప్రాణమున్న దేనినీ తినకపోవడం నియమంగా మారింది. 1740లో ఆహార నియమాలపై మరో గ్రంథం, 1742లో దేహ రోగాలకు, వాటిపై ఆధారపడిన మనో రోగాలకు సహజ చికిత్సను వివరించే గ్రంథం ప్రచురించారు. చివరి దానిని చెస్టర్‌ఫీల్డ్ ప్రభువుకు అంకితమిచ్చారు. జంతువులను చంపి తినడం పట్ల ఆయనలో నైతిక సంకోచం కూడా ఈ కాలంలో బలపడింది. కడుపు కోసం మొదలైన పథ్యం క్రమంగా జీవదయ వైపు నడిచింది.

1743 ఏప్రిల్‌లో ఆయన బాత్‌లో కన్నుమూశారు. నగర శివార్లలోని వెస్టన్‌లో ఖననం చేశారు. అప్పటికి వయసు 70 దాటింది. 1705లోనూ, 1720ల మధ్యలోనూ ఇక బతకరని భావించిన మనిషి ఆ వయసు చూడటమే ఆయన పథ్యానికి దక్కిన ప్రమాణపత్రమని అనుచరులు భావించారు.

ఆ తరువాత

చేన్ మాట ఆయనతో ఆగిపోలేదు. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ విద్యార్థి దశలోనే 1724 నాటి గ్రంథం చదివి ప్రభావితులయ్యారు. వైద్యుడికి రుసుము చెల్లించలేని పేదల కోసం 1747లో తాను వెలువరించిన గృహవైద్య గ్రంథం ముందుమాటలో ఆరోగ్య నియమాలను ప్రధానంగా చేన్ నుంచే స్వీకరించారు. ఆ పుస్తకం అనేక ముద్రణలు పొందడంతో, బాత్‌లోని ప్రభువుల కోసం పుట్టిన సలహా పేదల ఇళ్లకు కూడా చేరింది.

భారతదేశంతోనూ ఆయనకు ఒక పరోక్ష బంధం ఉంది. హోవర్డ్ విలియమ్స్ 1883లో ఆహార నీతిపై రాసిన గ్రంథంలో ప్రాచీన కాలం నుంచి మాంసాహారాన్ని ప్రశ్నించిన వారి పరంపరను వివరిస్తూ చేన్‌కు స్థానం కల్పించారు. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్లిన మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ అక్కడి శాకాహార ఉద్యమంతో పరిచయమయ్యాక ఆ గ్రంథాన్ని చదివారు. తన ఆత్మకథలో దానిని ప్రస్తావించారు కూడా. తల్లికి ఇచ్చిన మాట కోసం మాంసానికి దూరంగా ఉన్న యువకుడు శాకాహారాన్ని తన సొంత నిర్ణయంగా స్వీకరించిన దశ అది.

లంఖణం పరమౌషధమన్న నానుడి వింటూ పెరిగిన సమాజానికి చేన్ చెప్పిన సారం కొత్తగా అనిపించకపోవచ్చు. ఆయన జీవితం చూపే కష్టం మాత్రం ఏ కాలానికైనా వర్తిస్తుంది. పథ్యం ఏమిటో చేన్‌కు 1705 నాటికే తెలుసు. దానిని తిరుగులేకుండా ఆచరించడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఇరవై ఏళ్ల తడబాటును దాచకుండా రాసిపెట్టడం వల్లనే ఆయన సలహాను రోగులు నమ్మారు, ఆచరించే ధైర్యం చేశారు.